ఎక్స్ ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు కనిపిస్తుంది: ఏదో, ఏదైనా, ఎంతైతే అంత

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా మీ గొడవ ఇది: ఎక్స్ + 5 = 12 అన్నప్పుడు ఎక్స్ అంటే 7, అక్కడిదాకా బానే ఉంది, నాలుగు పేజీలు తిప్పేసరికి ఎక్స్ ఏ నంబరైనా కావచ్చు అంటున్నారు, గ్రాఫుల చాప్టర్‌కి వెళ్తే ఎక్స్ అంటే అడ్డంగా గీసిన గీత అంటున్నారు, వై = ఎంఎక్స్ + సి లో నాలుగు అక్షరాలుంటే అందులో రెండు మారతాయట, రెండు మారవట, అది ఎవరు తేల్చారో తెలీదు. పైగా ఎక్స్ = 4 అంటే మొదట చుక్క అన్నారు, తర్వాత అదే నిలువు గీత అన్నారు. చివర్లో, ఎక్స్ బదులు నాకు నచ్చిన అక్షరం రాసుకుంటే తప్పా అని కూడా అడిగారు.

లెక్కలు చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది, ఈ డౌట్ నాకు కొత్త కాదు. బాగా మార్కులొచ్చే పిల్లలకి కూడా ఇదే డౌట్ ఉంటుంది, కాకపోతే వాళ్ళు దాన్ని మింగేసి స్టెప్పులు బట్టీ పట్టి ముందుకెళ్ళిపోతారు, ఆ తర్వాత పై క్లాసుల్లో ఒకే సమీకరణంలో ఐదారు అక్షరాలు కనిపించినప్పుడు కక్కేస్తారు. మీరు ఇప్పుడే ఆగి అడిగారు, మంచిదే.

నేను చెప్పేది ఒకటే. అక్షరం ఎప్పుడైనా ఎక్కడైనా ఒక నంబరు కూర్చునే కుర్చీ. ఎక్స్ అంటే గీత కాదు, వస్తువు కాదు, మనిషి కాదు, నంబరు. మారేది అక్షరం కాదు, ఆ నంబరు గురించి చుట్టుపక్కల వాక్యం ఏం చెప్పింది అన్నది మారుతుంది. "ఎక్స్ ఎంతో కనుక్కోండి" అని ఒక వాక్యం, "ఎక్స్ ఏదైనా సరే ఇది నిజం" అని ఒక వాక్యం, "ఎక్స్ మారుతుంటే వై ఎలా మారుతుందో చూడండి" అని ఒక వాక్యం. పుస్తకాలు చేసే పాపం ఏంటంటే ఆ వాక్యాన్ని రెండు మూడు లెక్కల తర్వాత ఎత్తేసి సమీకరణం ఒక్కటే అచ్చేస్తాయి, రాసినవాడికి తెలుసు కాబట్టి చదివేవాడికీ తెలుస్తుందనుకుంటాడు.

తెలుగులో దీనికి మాటలు రెడీగా ఉన్నాయి, నేను క్లాసులో అవే వాడతాను. "ఎవరో వచ్చారు" అంటే మనిషి ఉన్నాడు, పేరు తెలీదు. "ఎవరైనా రావచ్చు" అంటే ఫలానా మనిషని లేదు, అందరికీ వర్తిస్తుంది. "ఎంత పోస్తే అంత నిండుతుంది" అంటే రెండు కొలతలు జతగా కదులుతున్నాయి, ఒకటి చెప్తే రెండోది తేలిపోతుంది. ఏదో, ఏదైనా, ఎంతైతే అంత. మీరు ఎక్స్ ని చూసిన ప్రతిచోటా ఈ మూడింట్లో ఏది సరిపోతుందో పెట్టి చదవండి, సగం పొగమంచు అక్కడే విడిపోతుంది.

ముందు "ఏదో" సంగతి. ఎక్స్ + 5 = 12. ఏదో ఒక నంబరుంది, దానికి 5 కలిపితే 12 అయింది, ఆ నంబరేంటి. ఇక్కడ ఎక్స్ ఏమీ మారట్లేదు, మొదట్నుంచీ అది 7, మనకి తెలియనిదల్లా దాని మొహం. అందుకే దీన్ని అజ్ఞాతం అనడం నాకిష్టం, చరరాశి అనేసరికి పిల్లలు అది కదులుతుందేమో అని చూస్తూ కూర్చుంటారు. "ఏదో" అన్నంత మాత్రాన ఒక్కటే ఉండాలని రూలేం లేదు, ఎక్స్ స్క్వేర్ = 49 అంటే 7 కావచ్చు, −7 కావచ్చు. అసలు ఏదీ లేకపోవచ్చు కూడా, ఎక్స్ = ఎక్స్ + 1 అని ఇస్తే ఏ నంబరూ తనకంటే ఒకటి ఎక్కువ ఉండదు కాబట్టి ఖాళీ. "కనుక్కోండి" అన్నారు కదా అని ఖచ్చితంగా ఒకటి దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

ఇప్పుడు 2(ఎక్స్ + 3) = 2ఎక్స్ + 6 చూడండి. దీన్ని కూడా చాలామంది "సాల్వ్" చేస్తారు, చేసి చేసి చివరికి 6 = 6 అని వచ్చేసరికి ఎక్స్ ఎక్కడికి పోయిందని కంగారు పడతారు. ఎక్కడికీ పోలేదు, ఇది "ఏదైనా" రకం. 10 పెట్టండి, అటు 26, ఇటు 26. −3 పెట్టండి, అటు సున్నా, ఇటు సున్నా. ఏది పెట్టినా నిజమే, అందుకే దీన్ని సర్వసమీకరణం అంటారు, పేరులోనే "సర్వ" ఉంది. గొడవంతా ఎక్కడంటే రెండు చోట్లా అదే "=" గుర్తు వాడుతున్నాం. ఒకచోట అది ప్రశ్న: ఎప్పుడు సమానం అవుతాయి? ఇంకోచోట అది జవాబు: ఎప్పుడూ సమానమే. ఈ గుర్తుని 1557లో రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ ఆయన అచ్చులోకి తెచ్చాడు, రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేముంటాయి అని కారణం కూడా రాశాడు, గుర్తు బాగుంది కానీ ప్రశ్నకో గుర్తు జవాబుకో గుర్తు పెట్టి ఉంటే మనకి కొంచెం సుఖంగా ఉండేది.

ఇక్కడ చిన్న పక్కదారి. మన పాత గణితంలో అజ్ఞాత రాశికి పెట్టిన పేరు "యావత్తావత్". దాన్ని తెలుగు చేస్తే అచ్చంగా "ఎంతైతే అంత"! దాన్ని కుదించి "యా" అని రాసేవాళ్ళు. లెక్కలో రెండో అజ్ఞాతం, మూడో అజ్ఞాతం వస్తే రంగుల పేర్లు, కాలక అంటే నలుపు, నీలక, పీతక అంటే పసుపు, వీటి మొదటి అక్షరాలు కా, నీ, పీ. 628లో బ్రహ్మగుప్తుడి నాటికే అజ్ఞాతాల్ని వర్ణాలు అనడం ఉంది, 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడి బీజగణితంలో ఈ పద్ధతి పూర్తి రూపంలో కనిపిస్తుంది. వర్ణం అంటే మనకి రంగు, అక్షరం రెండూ కదా, కాబట్టి అక్షరాలతో లెక్కలేంటి అని చిరాకు పడేవాళ్ళకి ఇది మన ఇంట్లో పుట్టిన అలవాటే అని చెప్తుంటాను. దాన్నే అవ్యక్త గణితం అని కూడా అనేవాళ్ళు, బయటపడని వాటితో చేసే లెక్క అని. ఇంకో తమాషా, అక్షరం అన్న మాటకి నశించనిది, మారనిది అని అర్థం, దాన్ని తీసుకొచ్చి మారే రాశికి పేరుగా పెట్టుకున్నాం. అక్షం (గ్రాఫులో గీసే అడ్డ గీత, నిలువు గీత), అక్షరం ఈ రెండూ కలిపేసుకునే పిల్లలు కూడా ఉంటారు, "ఎక్స్ అక్షరం మీద చుక్క పెట్టు" అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకోవడం విన్నాను.

సరే, అసలు విషయానికొస్తాను. అక్షరం అంటే నంబరు, వస్తువు కాదు అన్నాను కదా, అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు పుట్టేది అక్కడే. చిన్న క్లాసుల్లో సులువుగా ఉంటుందని "బి అంటే బంతి, 3బి అంటే మూడు బంతులు" అని నేర్పేస్తారు. కూడికల దాకా పని నడుస్తుంది, 3బి + 2బి = 5బి, చక్కగా ఉంది. తర్వాత బి స్క్వేర్ అంటే ఏంటి, బంతిని బంతితో గుణించడమా? అక్కడ కథ కూలిపోతుంది. బి అంటే బంతి కాదు, బంతుల సంఖ్య, లేదా ఒక బంతి బరువు, ఏదో ఒక కొలత. ఆ "సంఖ్య" అన్న మాట వదిలేస్తే ఏమవుతుందో ఒక ప్రసిద్ధమైన లెక్క చూపిస్తుంది. ఒక యూనివర్సిటీలో ఒక్కో ప్రొఫెసర్‌కి ఆరుగురు చొప్పున స్టూడెంట్లు ఉన్నారు, స్టూడెంట్ల సంఖ్య ఎస్, ప్రొఫెసర్ల సంఖ్య పి, సమీకరణం రాయండి. కింద చదివే ముందు మీరు కూడా ఒకసారి కాగితం మీద రాయండి.

6ఎస్ = పి అని రాశారా? అయితే మీకు తోడు చాలామంది ఉన్నారు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది వాళ్ళకి ఇదే ఇస్తే నూటికి 37 మంది తప్పు రాశారు, వాళ్ళలో ఎక్కువమంది తప్పు ఇదే. ఎందుకు రాస్తామంటే "ఆరుగురు స్టూడెంట్లకి ఒక ప్రొఫెసర్" అన్న వాక్యాన్ని వరసగా ఎడమ నుంచి కుడికి దింపేస్తాం, ఎస్ మన కళ్ళకి నంబరులా కాకుండా స్టూడెంట్ అనే మనిషిలా కనబడుతుంది. 10 మంది ప్రొఫెసర్లు అనుకుని చూడండి, 60 మంది స్టూడెంట్లుండాలి, 6ఎస్ అంటే 360, అది 10కి సమానమా? కాదు. సరైంది ఎస్ = 6పి. చిన్న సంఖ్య ఉన్న వైపునే ఆరుతో గుణించాలి, అప్పుడే తూకం సరిపోతుంది. నేను ఇప్పటికీ మాటల లెక్కకి సమీకరణం రాశాక ఏదో ఒక నంబరు పెట్టి ఇలా చెక్ చేసుకుంటాను, సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇదే ఇంటి పిల్ల ఇంకోటి, యూనిట్లు. 3ఎం అంటే మూడు మీటర్లా, మూడు ఇంటూ ఎం అనే నంబరా? ఆంగ్లంలో అచ్చేసిన పుస్తకాల్లో చరరాశిని వాల్చిన అక్షరంతో వేస్తారు, యూనిట్‌ని నిటారుగా వేస్తారు, ఆ తేడా ఎవరూ నోటితో చెప్పరు, చేత్తో రాసేటప్పుడు ఎలాగూ పోతుంది. కాబట్టి చేతిరాతలో యూనిట్లని లెక్క మధ్యలోకి తేకుండా చివర్లో పెట్టుకోండి. అలాగే 2ఎక్స్ లో ఎక్స్ 5 అయితే 25 అని రాసేవాళ్ళుంటారు, 2 పక్కన 5 పెట్టేశారు. అక్షరం పక్కన నంబరుంటే మధ్యలో గుణకారం దాక్కుని ఉంటుంది, కాబట్టి 10. −ఎక్స్ ని చూడగానే రుణ సంఖ్య అనుకోవడం కూడా ఈ బాపతే, ఎక్స్ = −3 అయితే −ఎక్స్ అంటే 3, మైనస్ అన్నది ఇక్కడ "అవతలి వైపుకి తిప్పు" అన్న ఆర్డర్, అంతే. ఇంకోటి, వేరే వేరే అక్షరాలుంటే వేరే వేరే నంబర్లే ఉండాలని లేదు, ఎక్స్ + వై = 10 లో 5, 5 కూడా చెల్లుతుంది. ఒకే లెక్కలో ఒకే అక్షరం రెండు నంబర్లుగా ఉండకూడదు, రూలు అటువైపుకే.

ఇక "ఎంతైతే అంత". సెల్సియస్ ని ఫారెన్‌హీట్ చేసే ఫార్ములా తీసుకోండి, ఎఫ్ = (9/5)సి + 32. ఇక్కడ సి ఎంతో కనుక్కోమని ఎవరూ అడగట్లేదు. సి 0 అయితే ఎఫ్ 32, సి 10 అయితే 50, సి 20 అయితే 68, సి 100 అయితే 212. సి ఐదు పెరిగితే ఎఫ్ తొమ్మిది పెరుగుతుంది, ఎక్కడ మొదలుపెట్టినా సరే. చరరాశి అన్న పేరు నిజంగా సరిపోయేది ఇక్కడే, చరించేది, తిరిగేది. ఇప్పుడు అదే ఫార్ములా ముందు పెట్టుకుని "రెండు థర్మామీటర్లూ ఒకే నంబరు ఎప్పుడు చూపిస్తాయి" అని అడిగితే చటుక్కున సి "ఏదో" అయిపోయింది, సి = (9/5)సి + 32 ని సాధిస్తే −40 వస్తుంది. చూశారా, ఫార్ములాలో అక్షరం ముక్క కూడా మారలేదు, మారింది మనం అడిగిన ప్రశ్న.

ఇప్పుడు మీ వై = ఎంఎక్స్ + సి. (పైన సి అంటే సెల్సియస్, ఇక్కడ సి అంటే వేరే, కొత్త లెక్క మొదలైతే పాత ఒప్పందం రద్దు.) నాలుగు అక్షరాల్లో ఏవి కదులుతాయి అన్నది అక్షరం పుట్టుకతో రాదు, ఎవర్ని ముందు కట్టేశాం అన్నదాంట్లో ఉంది. ముందుగా ఎం, సి లకి నంబర్లు ఇచ్చేసి కట్టేస్తాం, ఎం = 2, సి = 1 అనుకోండి, అప్పుడు ఒక గీత తేలింది, వై = 2ఎక్స్ + 1. ఆ తర్వాత ఎక్స్ ని వదులుతాం, అది తిరుగుతుంటే వై దాని వెనకాల తిరుగుతుంది. ఎం, సి లని మార్చితే గీతే మారిపోతుంది, ఎక్స్ ని మార్చితే అదే గీత మీద ఇంకో చోటికి వెళ్తాం. గీతని ఎంచుకోవడం ఒక పని, గీత మీద నడవడం ఇంకో పని, ఎంచుకునే పని చేసే అక్షరాల్ని పారామీటర్లు అంటారు. ఎం అంటే వాలు, గీత ఎంత ఏటవాలుగా ఎక్కుతుందో చెప్పే నంబరు, దానికి ఎం అక్షరమే ఎందుకు అని అడుగుతుంటారు, ఫ్రెంచిలో ఎక్కడం అన్న మాట నుంచి వచ్చిందని ఒక కథ తిరుగుతుంది, ఆధారం ఎవరూ చూపించలేదు, వదిలేయండి.

ఇక్కడ క్లాసులో జరిగింది ఒకటి చెప్పాలి. వాలు 3, (2, 5) అనే చుక్క (అంటే ఎక్స్ 2, వై 5) గుండా పోయే గీత సమీకరణం కనుక్కోమన్నాను. ఒక కుర్రాడు వై = 3ఎక్స్ + సి అని మొదలుపెట్టాడు, కరెక్టు. ఎక్స్ చోట 2, వై చోట 5 వేశాడు, 5 = 6 + సి, కరెక్టు. సి = −1, కరెక్టు. తర్వాత దాన్ని తీసుకెళ్ళి పై లైన్లో పెట్టి "జవాబు: 5 = 6 − 1" అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. నవ్వొచ్చింది కానీ ఆలోచిస్తే వాడు అడగాల్సిన ప్రశ్నే పేపర్ మీద అడిగాడు: ఎక్స్ అంటే 2 అని మీరే అన్నారు కదా, మళ్ళీ ఎక్స్ ఎక్కడ్నుంచి వచ్చింది? జవాబేంటంటే ఎక్స్ కి 2 అన్నది పర్మనెంట్ పేరు కాదు, ఆ గీత మీద తిరిగే చుక్క ఒక్క క్షణం (2, 5) దగ్గర ఆగింది, ఆ ఒక్క క్షణం సాక్ష్యంతో సి ని పట్టుకున్నాం, పని అయిపోయింది, ఎక్స్ నీ వై నీ మళ్ళీ వదిలేయాలి. జవాబు వై = 3ఎక్స్ − 1. ఆ లెక్కలో సి "ఏదో", ఎక్స్, వై లు "ఎంతైతే అంత", ఒకే లైన్లో రెండు రకాలు పక్కపక్కన కూర్చున్నాయి.

దీన్ని పూర్తిగా తిరగేసే లెక్క కూడా ఉంది. (1, 3), (4, 9) గుండా పోయే గీత ఏది? ఇప్పుడు 3 = ఎం + సి, 9 = 4ఎం + సి. ఎక్స్, వై లు మాయం, కనుక్కోవాల్సినవి ఎం, సి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 3ఎం = 6, ఎం = 2, సి = 1. మనం ఇందాక కట్టేసిన గీతే. మారనివి అని పేరు పెట్టినవే ఇక్కడ అజ్ఞాతాలయ్యాయి, మారేవి అని పేరు పెట్టినవి నంబర్లుగా వచ్చాయి.

మరి ఏ, బి, సి లు తెలిసినవి, ఎక్స్, వై, జెడ్ లు తెలియనివి అన్న అలవాటు ఎక్కడిది అంటే, దాదాపు ఒక మనిషి, రెనె దెకార్త్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడి చలవ. అంతకుముందు 1591లో ఫ్రాన్స్‌వా వియెత్ అనే ఆయన తెలియనివాటికి అచ్చులు, తెలిసినవాటికి హల్లులు వాడాడు. అసలు పెద్ద అడుగు ఆయనదే, ఎందుకంటే తెలిసిన నంబర్లకి కూడా అక్షరాలు పెట్టడం వల్ల ఒక్క లెక్క బదులు ఒక జాతి లెక్కలన్నిటికీ ఒకేసారి జవాబు రాయొచ్చని తేలింది, ఫార్ములా అనేది పుట్టింది అక్కడే. 1637లో దెకార్త్ ఆల్ఫాబెట్ మొదటి అక్షరాలు తెలిసినవాటికి, చివరి అక్షరాలు తెలియనివాటికి వాడాడు, అది నిలబడిపోయింది. ఎక్స్ కే ఎందుకంత పేరు అంటే ప్రింటర్ దగ్గర మిగతా అక్షరాల అచ్చులు అయిపోయాయని ఒక కథ, అరబిక్‌లో "వస్తువు" అనే మాట నుంచి వచ్చిందని ఇంకో కథ, రెండూ వినడానికి బాగుంటాయి, రెండిటికీ గట్టి సాక్ష్యం లేదు. అంటే ఇది ఒట్టి అలవాటు, చట్టం కాదు. కానీ అలవాటుకి కూడా విలువుంది, ఏఎక్స్ స్క్వేర్ + బిఎక్స్ + సి = 0 అని చూడగానే ఎవరూ చెప్పకుండానే ఎవరు ఎవరో తెలిసిపోతుంది కదా.

నిరూపకాల (చుక్క ఎక్కడుందో చెప్పే నంబర్ల) దగ్గరికొస్తే, మీరు "ఎక్స్ అంటే అడ్డ గీత" అని రాశారు, అక్కడే దారి తప్పింది. అడ్డ గీత పేరు ఎక్స్ అక్షం. ఎక్స్ అంటే ఒక చుక్క మూలబిందువు (రెండు అక్షాలు కలిసే చోటు) నుంచి అడ్డంగా ఎంత దూరంలో ఉందో చెప్పే నంబరు, వై అంటే నిలువుగా ఎంత దూరమో చెప్పే నంబరు, కుడికీ పైకీ ప్లస్, ఎడమకీ కిందకీ మైనస్. (3, 7) అంటే అడ్డంగా 3, నిలువుగా 7, ఆ వరస తప్పకూడదు కాబట్టే దాన్ని క్రమయుగ్మం అన్నారు, (7, 3) ఇంకెక్కడో ఉంటుంది. ఎక్స్ అక్షం అంటే ఎక్స్ కాదు అనడానికి ఒక చిన్న పరీక్ష: ఎక్స్ అక్షం మీద ఉన్న చుక్కలన్నిటికీ ఏం కామన్? (1, 0), (5, 0), (−8, 0)... వై సున్నా. అందుకని ఎక్స్ అక్షం సమీకరణం వై = 0! ఇది చెప్పగానే క్లాసులో సగం మంది నేను పొరపాటు పడ్డాననుకుంటారు. కాదు, అడ్డ గీత మీద నడుస్తుంటే ఎత్తు పెరగదు, ఎత్తు సున్నా అన్నదే ఆ గీత గుర్తింపు.

సమీకరణాన్ని గీత బొమ్మగా కాకుండా చుక్కలకి పెట్టే పరీక్షగా చూడండి. వై = 2ఎక్స్ + 1 అనేది ఒక ప్రశ్న, తలం (గ్రాఫు గీసే కాగితం లాంటి చదునైన చోటు) మీద ఉన్న ప్రతి చుక్కనీ పిలిచి "నీ నిలువు నంబరు, నీ అడ్డం నంబరుకి రెట్టింపు కంటే ఒకటి ఎక్కువా?" అని అడుగుతుంది. (3, 7) అవును అంటుంది, పాస్. (3, 8) కాదు అంటుంది, ఫెయిల్. పాసయిన చుక్కలన్నీ కలిపి చూస్తే అవి ఒక తిన్నని గీతలా కనిపిస్తాయి. గీత ముందు, సమీకరణం తర్వాత కాదు, పరీక్ష పెట్టాం, పాసైనవాళ్ళు అలా వరసలో నిలబడ్డారు. ఈ ఒక్క దృష్టి అలవాటైతే వృత్తం సమీకరణం, పరావలయం సమీకరణం ఏదొచ్చినా భయం ఉండదు. ఎక్స్ స్క్వేర్ + వై స్క్వేర్ = 25 అంటే మూలబిందువు నుంచి నీ దూరం 5 యేనా అని అడగడమే, (3, 4) పాస్, (4, −3) పాస్, (5, 1) ఫెయిల్.

ఎక్స్ = 4 చుక్కా, గీతా అన్న మీ డౌట్ కూడా ఇప్పుడు దానంతటదే తేలుతుంది. పరీక్ష ఒకటే: నీ ఎక్స్ నాలుగా? ఎవర్ని అడుగుతున్నాం అన్నది తేడా. సంఖ్యారేఖ మీద ఉన్నవాళ్ళని అడిగితే ఒక్కడే పాసవుతాడు, చుక్క. తలం మీద ఉన్నవాళ్ళని అడిగితే (4, 0), (4, 1), (4, −100), (4, 2.5) అందరూ పాసే, ఎందుకంటే వై గురించి ప్రశ్నపత్రంలో మాటే లేదు, మాట లేకపోతే "ఏదైనా" అని అర్థం, కాబట్టి నిలువు గీత. మూడు నిరూపకాలున్న చోట అడిగితే వై, జెడ్ రెండూ ఏదైనా, అప్పుడు అది గోడలాంటి ఒక సమతలం. కాబట్టి ఎక్స్ = 4 అని ఒంటరిగా రాసి ఇదేంటి అని అడిగితే నేను జవాబు చెప్పను, ఎక్కడ అని ఎదురు అడుగుతాను.

ఇప్పుడు "ఏదో", "ఎంతైతే అంత" ఈ రెండూ కలిసే చోటు చూపిస్తాను, నాకు బాగా ఇష్టమైంది. 2ఎక్స్ + 3 = 11, మామూలు అజ్ఞాతం లెక్క, ఎక్స్ = 4. ఇప్పుడు ఎడమవైపుని విడిగా వై = 2ఎక్స్ + 3 అని గీయండి, ఏటవాలుగా పైకెక్కే గీత. కుడివైపుని వై = 11 అని గీయండి, అడ్డంగా బల్లపరుపు గీత. రెండూ (4, 11) దగ్గర కలుస్తాయి. మొదటి గీత మీద ఎక్స్ స్వేచ్ఛగా తిరుగుతోంది, ఎత్తు 11 అయిన క్షణంలో ఆగు అన్నాం, ఆగిన చోటు 4. అంటే అజ్ఞాతం అనేది తిరిగే ఎక్స్ ని ఒక షరతుతో ఆపడమే. రెండు ఎక్స్ లు లేవు.

చరిత్రలో ఈ అక్షరాల్నీ బొమ్మల్నీ కలిపిన ఘనత దెకార్త్‌తో పాటు పియరె ఫెర్మాది కూడా, ఇద్దరూ దాదాపు ఒకే టైములో ఎవరికి వారు చేశారు, కాకపోతే ఫెర్మా రాసింది ఆయన పోయాక 1679లో గానీ అచ్చవలేదు. మనం ఇప్పుడు గళ్ళ కాగితం మీద గీసే ప్లస్ ఆకారపు రెండు అక్షాల బొమ్మ దెకార్త్ పుస్తకంలో ఈ రూపంలో లేదు, తర్వాతివాళ్ళు చక్కబెట్టారు, అందుకని మొదటి రోజే ఇదంతా మీకు సహజంగా అనిపించకపోతే ఆశ్చర్యం లేదు.

ఎక్స్ కింద చిన్న 1, 2 పెట్టే సంగతి మీరు అడగలేదు, కానీ రేపు అడుగుతారు. ఎక్స్ కింద చిన్నగా 1 ఉంటే అది గుణకారం కాదు, ఘాతం కాదు, ఇంటిపేరు లాంటిది. ఎక్స్‌వన్, వైవన్ అంటే ఒక ఫలానా చుక్క నిరూపకాలు, కట్టేసినవి, ఉత్త ఎక్స్, వై లు అదే గీత మీద తిరిగే చుక్కవి. వై − వైవన్ = ఎం(ఎక్స్ − ఎక్స్‌వన్) లో ఐదు అక్షరాలున్నట్టు కనిపించినా తిరిగేవి రెండే. ఇందాకటి కుర్రాడి లెక్క దీంట్లో వేస్తే వై − 5 = 3(ఎక్స్ − 2), ఎవరు కట్టేసినవాళ్ళో ఎవరు తిరిగేవాళ్ళో మొదట్నుంచీ విడివిడిగా ఉంటారు కాబట్టి 5 = 6 − 1 అని రాసే ప్రమాదమే ఉండదు.

చివరిగా, వేరే అక్షరం రాయొచ్చా అన్నారు. రాయొచ్చు, ఏ అక్షరమైనా రాయొచ్చు, తెలుగు "క" రాసినా లెక్క ఒప్పుకుంటుంది, పైన ఒక లైను "క అంటే కావాల్సిన సంఖ్య అనుకుందాం" అని పెట్టండి చాలు. నేనైతే టైముకి టి, దూరానికి డి, ఇలా అర్థమున్న అక్షరాలే వాడతాను, కాకపోతే "టి అంటే టైము" అని వదిలేయకుండా "టి అంటే ఎన్ని సెకండ్లు గడిచాయో ఆ నంబరు" అని పూర్తిగా రాస్తాను, స్టూడెంట్లు ప్రొఫెసర్ల లెక్క గుర్తుంది కదా. అక్షాలకి కూడా అంతే, అడ్డంగా టి, నిలువుగా డి పెట్టుకోవచ్చు, అప్పుడు క్రమయుగ్మంలో మొదటిది టి, ఎందుకంటే మొదటి చోటు అడ్డం నంబరుది గానీ ఎక్స్ అనే పేరుది కాదు. కొన్ని అక్షరాలు మాత్రం మానేయండి: ఓ ని రాస్తే సున్నాలా ఉంటుంది, చిన్న ఎల్, ఐ లు ఒకటిలా ఉంటాయి, ఎస్ తొందరలో 5 అయిపోతుంది, జెడ్ 2 అయిపోతుంది, అందుకే చాలామంది జెడ్ నడుం మీద అడ్డ గీత కొడతారు. ఎక్స్ వాడుతుంటే గుణకారానికి ఇంటూ గుర్తు పెట్టకండి, చుక్క పెట్టండి లేదా బ్రాకెట్ వాడండి. ఆ ఇంటూ గుర్తు ఎక్స్ లా కనబడి తికమక పెడుతుందని 1698లోనే లైబ్‌నిట్జ్ ఒక ఉత్తరంలో విసుక్కున్నాడు, ఆయనా చుక్కకే ఓటేశాడు.